ఏం చూద్దాం, ఏం చదువుదాం

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నవలల గురించీ, వాటి మీద వచ్చిన సినిమాల గురించీ. పుస్తకం పేరో, సినిమా పేరో చెప్పి ఊరుకుంటే అది సిఫారసు కాదని మా నమ్మకం. ఏ ప్రతి పట్టుకోవాలి, రెంటిలో ఏది ముందు, ఎక్కడికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు అన్నవి ముందే తెలిస్తే సగంలో ఆగిపోయే పుస్తకాలు చాలావరకు పూర్తవుతాయి. అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

ప్ర: కన్యాశుల్కం ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి అంకం దాటలేకపోతున్నాను. ముందు సినిమా చూసి తర్వాత చదివితే తేలికవుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: కథ తేలికవుతుంది, నాటకం మాత్రం చేజారుతుంది. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమా ముందు చూస్తే గిరీశం అనగానే ఎన్టీ రామారావు, మధురవాణి అనగానే సావిత్రి కళ్లముందు నిలబడిపోతారు. గిరీశం మాటల్లోని బుకాయింపును మీ అంతట మీరు పట్టుకునే ఆనందం పోతుంది. కాబట్టి ముందు చదవండి.

మీ దగ్గరున్న ప్రతి ఏదో మొదట చూసుకోండి. ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో అచ్చయింది. తర్వాత గురజాడ దాదాపుగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చువేశారు. మొదటి కూర్పులో ఐదు అంకాలు, రెండోదాంట్లో ఏడు. నలుగురూ చెప్పుకునే కన్యాశుల్కం ఈ రెండోదే. ఇప్పుడు రెండూ దొరుకుతున్నాయి కాబట్టి పొరపాటున పాతది చేతికొచ్చే అవకాశం ఉంది. ఏడు అంకాలు లేకపోతే దాన్ని పక్కన పెట్టి రెండో కూర్పు తెచ్చుకోండి.

మొదటి అంకంలో చాలామంది ఆగిపోవడానికి ఒక కారణం గిరీశం ఇంగ్లీషు. వెంకటేశం లాంటి కుర్రాణ్ణి బోల్తా కొట్టించడానికి వాడే ఇంగ్లీషు అది. ప్రతి ముక్కా అర్థం కావాలని నిఘంటువు తీస్తే మాట జోరు తెగిపోతుంది. దాటేసి ముందుకు వెళ్లండి, ఏమీ నష్టం లేదు. రెండో కారణం పేర్లు. ఒక చీటీ మీద ఊళ్లవారీగా ఇలా రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధానులు, భార్య వెంకమ్మ, వితంతువైన పెద్దకూతురు బుచ్చమ్మ, చిన్నకూతురు సుబ్బి, కొడుకు వెంకటేశం. వెంకమ్మ తోడబుట్టినవాడు కరటకశాస్త్రి. రామచంద్రపురం అగ్రహారంలో లుబ్ధావధానులు, అతని కూతురు మీనాక్షి, రామప్పంతులు. విజయనగరంలో మొదలై రామప్పంతులుతో రామచంద్రపురం చేరేది మధురవాణి. సౌజన్యారావు పంతులు విశాఖపట్నంలో వకీలు. ముసలి లుబ్ధావధానులుకు చిన్నపిల్ల సుబ్బినిచ్చి చేయాలని అగ్నిహోత్రావధానులు, ఆ పెళ్లి చెడగొట్టాలని కరటకశాస్త్రి. ఇంత తెలిస్తే ఇక తడబాటు ఉండదు.

పైకి చదవండి. ఇది రంగస్థలం కోసం రాసిన మాట. కంటితో చదివితే చిక్కుముడిలా కనిపించే ఉత్తరాంధ్ర పలుకు చెవిన పడగానే విడిపోతుంది. ఇంట్లో ఇంకొకరు తోడుంటే పాత్రలు పంచుకోండి. రోజుకో అంకం పెట్టుకుంటే, పెద్ద అంకాలకు రెండేసి రోజులు తీసుకున్నా, పది రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత సినిమా చూడండి. ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ నాటకంలోది కాదని, గురజాడ విడిగా రాసిన గేయమని, ‘ఆనందం అర్ణవమైతే’ శ్రీశ్రీదని అప్పుడు మీకే తెలుస్తుంది. ముగింపును ఎలా మలిచారో కూడా నాటకంతో పక్కపక్కన పెట్టి చూడండి.

ప్ర: ‘చివరకు మిగిలేది’ నవల చదివి, అదే పేరుతో ఉన్న సావిత్రి సినిమా చూశాను. ఒక్క పాత్ర కూడా కలవలేదు. ఇంతగా మార్చేశారేమిటి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జ: మార్చలేదండీ, ఆ రెంటికీ సంబంధమే లేదు. బుచ్చిబాబు నవలలో దయానిధి కథ వేరు. 1960లో వచ్చిన సినిమా ‘దీప్ జ్వేలే జాయ్’ అనే బెంగాలీ చిత్రానికి తెలుగు రూపం. సావిత్రి అందులో మానసిక రోగుల ఆస్పత్రిలో నర్సు. రెంటినీ విడివిడిగా గౌరవించవలసిందే. అలాగే ‘మాలపల్లి’ ఉన్నవ లక్ష్మీనారాయణ నవల, 1922 నాటిది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన ‘మాలపిల్ల’కు కథ చలం ఇచ్చారు. ఒక్క గుడి చోటు మారిన తేడాతో వీటినీ కలిపేస్తుంటారు. అనుమానం వస్తే సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు ‘కథ’ దగ్గర ఎవరి పేరుందో ఆపి చూడండి, తేలిపోతుంది.

ప్ర: నవలా సినిమా రెండూ విలువైనవైన జంటలు కొన్ని చెప్పండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది కూడా రాయండి.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జ: మేము పాటించే పద్ధతి ఒకటుంది. మనిషి లోపలి ఆలోచన మీద నడిచే కథైతే పుస్తకం ముందు. పాట మీద, చోటు మీద నడిచేదైతే సినిమా ముందు.

మొదటి రకానికి డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’కు మించినది లేదు. 1957లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. రచయిత్రి వైద్యురాలు, 1961లో చిన్న వయసులోనే కన్నుమూశారు. ఇందులో ఇందిర అనే అమ్మాయి ఉంది. మంచిదా, చెడ్డదా అని తేల్చుకోవాలని చూసేవాళ్లకు ఈ నవల కొరుకుడు పడదు. ఆమెను ఎవరో ఒకరి పక్కన పెట్టి కొలవకుండా, ఆమె తీసుకునే ఒక్కో నిర్ణయం వెనక డబ్బు లెక్క ఎంత, భయమెంత, బతకాలన్న పట్టుదల ఎంత అని చూస్తూ చదవండి. దీని ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ తీశారు. సావిత్రి, కృష్ణకుమారి, ఇ.వి. సరోజ ముగ్గురూ ఉన్న హాయైన సినిమా. కానీ ఇందిర అందులో కుదించుకుపోయింది. సినిమా ముందు చూసినవాళ్లు నవలలోనూ అదే సరదా వెతుకుతారు. అందుకని ఈ జంటలో పుస్తకమే ముందు, నిక్కచ్చిగా.

అదే దర్శకుడి ‘డాక్టర్ చక్రవర్తి’ 1964లో వచ్చింది. మూలం కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’. ఈ జంటలో ఏది ముందైనా ఫరవాలేదు. రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతులు మొదలుపెట్టినప్పుడు ఉత్తమ చిత్రంగా ఎంపికైంది ఇదే.

సినిమా ముందు చూడవలసింది ‘సితార’. వంశీ తన ‘మహల్లో కోకిల’ నవలను తానే 1984లో తెరకెక్కించారు. ఇళయరాజా సంగీతం, గోదావరి, పాడుబడిన రాజమహలు. ‘వెన్నెల్లో గోదారి అందం’ పాటకు ఎస్. జానకికి జాతీయ బహుమతి వచ్చింది. ఆ పాట ఒకసారి చెవిలో పడ్డాక నవల చదివితే, పేజీల్లోని మౌనం కూడా వినపడుతుంది. ముందు నవల చదివితే చెడేదేమీ లేదు, కాకపోతే ఈ అనుభవం దొరకదు.

ఈ కాలానిది ఒకటి: సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. కరువుకు గొర్రెలను నల్లమలకు తోలుకుపోయే కాపరుల కథ, రాయలసీమ యాస. 2021లో క్రిష్ సినిమాగా తీశారు. నవలకు ప్రాణం అడవి నేర్పే పని: నీళ్లెక్కడుంటాయి, పులి అలికిడిని గొర్రె ఎలా చెబుతుంది, రాత్రి మంద ఎలా కట్టాలి. సినిమాలో ప్రేమకథకు పెద్ద వాటా పోయింది. యాసకు అలవాటు లేనివాళ్లు మొదటి ముప్పై పేజీలు నెమ్మదిగా, పైకి చదివితే ఆ తర్వాత అదే లాక్కుపోతుంది. మధ్యలో ఆగి యాస మాటలకు అర్థాలు అడగడం కన్నా ఇదే మేలు, ఎందుకంటే చాలా మాటలు రెండోసారి వచ్చేసరికి సందర్భమే అర్థం చెప్పేస్తుంది.

ప్ర: పిల్లలకు మాయాబజార్ చూపించాలనుకుంటున్నాం. రంగులదా, నలుపు తెలుపుదా? మా టీవీలో తలలు తెగి కనిపిస్తున్నాయి.
– దంపతులు, విశాఖపట్నం

జ: 1957లో కె.వి. రెడ్డి తీసింది నలుపు తెలుపు. 2010లో దానికి రంగులద్ది, కొత్త ధ్వనితో, వెడల్పు తెరకు సరిపెట్టి విడుదల చేశారు. పాత సినిమా ఫ్రేము దాదాపు నలుచదరం. ఆకారం చెడకుండా దాన్ని వెడల్పు తెర నిండా పరచాలంటే పైనా కిందా కోత తప్పదు. మార్కస్ బార్‌ట్లే కెమెరా పనంతా వెలుగు నీడల మీదే నడిచింది. ‘లాహిరి లాహిరి’లో నీళ్ల మీది వెన్నెలను నలుపు తెలుపులో చూడవలసిందే. ఆరేడేళ్ల పిల్లలు రంగు లేకపోతే కూర్చోమని మొండికేస్తే, ‘వివాహ భోజనంబు’ ఒక్కటి రంగుల్లో చూపించి రుచి తగిలించండి. సినిమా మొత్తం మాత్రం అసలు ప్రతిలోనే చూడండి. రెండు పూటలుగా చూడొచ్చు, మూడు గంటలు దాటుతుంది.

ఇక తలలు తెగడం. అసలు ప్రతిలోనూ తెగుతుంటే అది సినిమా లోపం కాదు, టీవీ అమరిక. రిమోట్‌లో ‘పిక్చర్ సైజ్’ లేదా ‘యాస్పెక్ట్ రేషియో’ అనే మెనూ తెరవండి. ‘జూమ్’లో ఉంటే బొమ్మ ఎత్తులో పావు వంతు పోతుంది. ‘వైడ్’ లేదా ‘ఫుల్’లో ఉంటే ఏదీ తెగదు గానీ మనుషులు మూడో వంతు లావెక్కుతారు. ‘4:3’ లేదా ‘ఒరిజినల్’ పెట్టండి. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, రావాలి కూడా. బొమ్మ మరీ నున్నగా, సీరియల్‌లా కదులుతుంటే పిక్చర్ సెట్టింగ్స్‌లో ‘మోషన్’ అన్న పేరుతో ఉన్నదాన్ని ఆపేయండి.

అంతర్జాలంలో దొరికే ప్రతుల్లో కత్తిరింపులు ఎక్కువ. నిడివి చూస్తే పట్టేయొచ్చు. మాయాబజార్ తెలుగు ప్రతి సుమారు 3 గంటల 4 నిమిషాలు. 2 గంటల 57 నిమిషాలే చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను టీవీ ప్రసారం కోసం 25 ఫ్రేముల వేగంతో నడిపితే నాలుగు శాతం తగ్గి సరిగ్గా అంతే వస్తుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. రెండున్నర గంటలుంటే మాత్రం పాటలో, పద్యాలో ఎగిరిపోయినట్టే. వేరే పాత సినిమాలకైతే మొదట్లో కనిపించే సెన్సార్ సర్టిఫికెట్ మీద పొడవు రాసి ఉంటుంది. అడుగుల్లో ఉంటే 90తో, మీటర్లలో ఉంటే 27తో భాగించండి, దాదాపు నిమిషాలు వస్తాయి.

ప్ర: పాత తెలుగు పుస్తకాలు ఏవి ఉచితంగా, చట్టబద్ధంగా చదువుకోవచ్చు? స్కాన్‌లు ఫోన్‌లో చదవలేకపోతున్నాను.
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జ: మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి అరవై ఏళ్లు లెక్క. గురజాడ, కందుకూరి, చిలకమర్తి, పానుగంటి, ఉన్నవ, అడివి బాపిరాజు, సురవరం ప్రతాపరెడ్డి అందరూ ఆ గడువు దాటారు. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, వట్టికోట ఆళ్వారుస్వామి, 1962లో పోయిన గోపీచంద్ కూడా అంతే. బుచ్చిబాబు 1967లో మరణించారు కాబట్టి 2028 జనవరి 1 దాకా ఆగాలి. శ్రీశ్రీ, చలం, విశ్వనాథ, కొడవటిగంటి ఇంకా హక్కుల్లోనే ఉన్నారు. ఇక్కడ రెండు చోట్ల పొరబడతారు. రచయిత పోయాక తొలిసారి అచ్చయిన పుస్తకానికి లెక్క అచ్చయిన ఏడాది నుంచి మొదలవుతుంది. అనువాదానికీ, బొమ్మలకూ, ముందుమాటకూ వాటి కర్తల హక్కు వేరుగా ఉంటుంది.

మొదట తెలుగు వికీసోర్స్‌లో వెతకండి. అక్కడ పుటల సంఖ్యల వెనక రంగులుంటాయి. ఆకుపచ్చ అంటే ఇద్దరు సరిచూసింది, పసుపు అంటే ఒకరు సరిచూసింది. ఎరుపు పుటలను కంప్యూటరు గుర్తించినట్టే వదిలేశారు, వాటిలో ప–వ, ధ–థ, ఘ–ఫ తారుమారవుతాయి, వత్తులు రాలిపోతాయి. తరగతిలో పాఠానికి వాడేటట్టయితే ఎరుపు పుటలను స్కాన్‌తో పోల్చకుండా వాడొద్దు.

వికీసోర్స్‌లో లేకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) లోని స్కాన్‌లు. దించుకోగానే చివరి పేజీ తెరిచి, అచ్చులో ఉన్న పేజీ సంఖ్యను ఫైలులోని సంఖ్యతో పోల్చండి. ఫైలులో సంఖ్య తక్కువైతే పేజీలు పోయాయని అర్థం. అట్ట, ముందుమాట కలిసి ఎక్కువ రావడం మామూలే. నడుమ రెండు మూడు చోట్ల కూడా చూడండి, ఎందుకంటే ఒక పేజీ రెండుసార్లు తీసి, మరొకటి వదిలేసినా మొత్తం సరిపోతుంది. ఫోన్‌ను అడ్డంగా తిప్పి, అంచులు కత్తిరించే సదుపాయం ఉన్న రీడర్‌లో తెరిస్తే అక్షరం పెద్దదై సగం పేజీ చొప్పున కనిపిస్తుంది. స్కాన్ అంటే ఫోటోయే కాబట్టి పేజీని పెద్దది చేయకుండా అక్షరాల సైజు ఒక్కటే విడిగా పెంచలేం. రోజూ చదివేవాళ్లకు పది అంగుళాల టాబ్లెట్ ఉంటే కళ్లకు హాయి.

ప్ర: మా అమ్మగారికి 78 ఏళ్లు. ఒకప్పుడు పత్రికల్లో సీరియళ్లు వదలకుండా చదివేవారు. ఇప్పుడు చూపు ఆనడం లేదు. ఏం వినిపించాలి?
– ఒక కూతురు, ఖమ్మం

జ: ఆవిడకు అలవాటైన సీరియళ్లే వినిపించండమ్మా. వారం వారం ఆపడానికి రాసినవి కాబట్టి ప్రతి భాగం చివర ఒక మలుపుంటుంది, చెవికి అదే పట్టు. యద్దనపూడి ‘సెక్రటరీ’తో మొదలుపెట్టండి. జయంతి, రాజశేఖరం ఆవిడకు పాత చుట్టాలే అయి ఉంటారు. కథ ముందే తెలిసినది కావడం మంచిదే, మధ్యలో కునుకు పట్టినా తెగిపోదు.

తెలుగు శ్రవణ పుస్తకాలకు ‘దాసుభాషితం’ యాప్ ఉంది. మీరే చదివేటట్టయితే మామూలు సైజు పేజీకి రెండు నిమిషాలు వేసుకోండి. రెండువందల పేజీల నవలకు ఆరేడు గంటలు. ఒక్కో భాగం ఇరవై నిమిషాలు మించకుండా ఫోన్‌లో రికార్డు చేసి పెడితే, మీరు ఇంట్లో లేనప్పుడు కూడా ఆవిడ వినగలరు. ఫైళ్లకు 01, 02 అని అంకెలతో పేర్లు పెట్టండి, లేకపోతే వరస తప్పుతుంది.

ఆండ్రాయిడ్ ఫోనే చదివి వినిపించాలంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ‘సెలెక్ట్ టు స్పీక్’ తెరవండి. చదివే గొంతుల (టెక్స్ట్-టు-స్పీచ్) దగ్గర తెలుగు గొంతు దించుకుని, వేగం కాస్త తగ్గించండి. వార్తలకు, వ్యాసాలకు ఇది చాలు. కథలకు అంత బాగుండదు, ఎవరు మాట్లాడుతున్నా ఒకటే గొంతు. పద్యాలకైతే అసలు పనికిరాదు, యతి దగ్గర ఆగదు. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను చాలాసార్లు చదవలేదు కూడా, టైపు చేసిన పాఠమే కావాలి.

ప్ర: తెలంగాణ సాయుధ పోరాటం గురించి సినిమాతో మొదలుపెట్టాలా, నవలతోనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జ: కాలం వరసలో వెళ్లు బాబూ. పోరాటం నుంచి మొదలుపెడితే తుపాకులే కనబడతాయి, అది ఎందుకొచ్చిందో కనబడదు.

ముందు ‘దాసి’ చూడు. బి. నర్సింగరావు 1988లో తీశారు. నిజాం కాలపు గడిలో, అంటే దొర భవంతిలో, కట్నంతో పాటు వచ్చిన దాసి కమలాక్షి కథ. అర్చనకు ఉత్తమ నటి బహుమతి సహా ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. మాటలు చాలా తక్కువ, నిడివి గంటన్నర. ఫోన్‌లో, బస్సులో చూడొద్దు. గడి గోడలు, మెట్లు, వాకిలి, ఎవరు ఎక్కడ నిలబడటానికి వీలుంది, ఎవరు ఎక్కడ కూర్చోకూడదు అన్నదే ఇందులో కథ. చిత్రకారుడు వైకుంఠం కళా దర్శకత్వం అది. చిన్న తెర మీద ఇదంతా పోయి ‘ఏమీ జరగడం లేదు’ అనిపిస్తుంది.

తర్వాత వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ చదువు. సాయుధ పోరాటానికి ముందటి రోజులు. వెట్టి, దొర పెత్తనం, గ్రంథాలయాలు, ఆంధ్ర మహాసభ ప్రభావం. రాసినవాడు ఊరూరా పుస్తకాలు మోసినవాడు, జైలుకు వెళ్లినవాడు. శైలి సాదాగా ఉంటుంది, ఉపన్యాసంలా సాగే పేజీలు కొన్ని ఉన్నాయి. వాటిని దాటేయకు, ఆనాటి మనుషులు కొత్తగా నేర్చుకుంటున్న మాటలవి.

అప్పుడు ‘మా భూమి’. గౌతమ్ ఘోష్ తొలి కథాచిత్రం, 1979లో తయారైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారం. సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’, బండి యాదగిరి ‘బండెనక బండి కట్టి’ పాటలు పోరాటం నుంచి వచ్చినవే. రెండో పాట గద్దర్ గొంతులో వింటావు. దొరికిన ప్రతుల్లో ధ్వని సరిగా ఉండదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకో. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత కూడా 1951 దాకా పోరాటం సాగిందన్నది గుర్తుపెట్టుకుని ముగింపు చూస్తే, అక్కడ ఆపడంలోని అర్థం తెలుస్తుంది.

ప్ర: మెట్రోలో వెళ్లేటప్పుడు ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఏ కథలు?
– ఒక ఉద్యోగిని, హైదరాబాద్

జ: చాసో (చాగంటి సోమయాజులు). ‘ఎంపు’, ‘వాయులీనం’, ‘ఏలూరెళ్ళాలి’ మూడూ మూడు రోజులకు. ఒక్కోటీ దిగే స్టేషన్‌కు ముందే అయిపోతుంది, తర్వాత రోజంతా వదలదు. కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) ‘జీవధార’ కూడా సరిపోతుంది. ‘యజ్ఞం’ మాత్రం మెట్రోలో మొదలుపెట్టొద్దు. అది పెద్ద కథ, ఊరి తగవులోని వాదనలన్నీ ఒక్క బిగిన తలలో పెట్టుకోవాలి, ముక్కలు చేస్తే ముగింపు దెబ్బ తగలదు. ఆదివారానికి ఉంచుకోండి. శ్రీపాద ‘గులాబి అత్తరు’ను తీరిగ్గా కూర్చుని చదివితే ఆ తెలుగు నోట్లో నానుతుంది.

ప్ర: మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది, చదవడం ఇప్పుడిప్పుడే వస్తోంది. ‘బుడుగు’ తెప్పించాం, ఒక్క వాక్యం కూడా చదవలేకపోతున్నారు.
– ఒక తల్లి, న్యూజెర్సీ

జ: తప్పు పిల్లలది కాదు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగు నోటి మాటను పలికినట్టే రాశారు. మొగుడు ‘ముగుడు’ అవుతాడు, ప్రసూనాంబ ‘పెసూనాంబ’ అవుతుంది. సరైన మాట తెలిసినవాళ్లకు అది ఆనందం. అక్షరాలు కూడబలుక్కునేవాళ్లకు తప్పొప్పులు తెలియక గందరగోళం. కాబట్టి బుడుగును మీరు చదివి వినిపించండి, బాపు బొమ్మలు వాళ్లను చూడనివ్వండి.

వాళ్లంతట వాళ్లు చదవడానికి పాత చందమామలోని రెండు పేజీల కథలు మేలు. వాక్యాలు చిన్నవి, భాష తేట. మొదటి రోజు మీరు చదవండి, వేలు అక్షరం మీద కదలాలి. రెండో రోజు అదే కథ కలిసి చదవండి. మూడో రోజు వాళ్లు. కొత్త కథ నాలుగో రోజుకే. వత్తులున్న మాటలకు కింద పెన్సిలుతో గీత పెట్టి ముందుగా ఆ మాటలొక్కటే పలికించండి, ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. బేతాళ కథలను ఆఖరున ఉంచండి. వాటి చివరి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కథంతా పట్టుబడాలి, అందుకే ఎనిమిది తొమ్మిదేళ్లు వచ్చాక అవి బాగా పనిచేస్తాయి.

ఈ వారానికి మా మాట: ప్రేమ్‌చంద్ కథ ‘కఫన్’ చదివి, మృణాల్ సేన్ 1977లో తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’ చూడండి. కథ పది పేజీలుంటుంది, అరగంట చాలు, అనువాదం దొరక్కపోతే హిందీలోనే ప్రయత్నించండి, భాష కష్టం కాదు. కథ మొదలయ్యేసరికే గుడిసెలో కోడలు పురిటి నొప్పులు పడుతుంటుంది, బయట మామా మొగుడూ కూర్చుని ఉంటారు. సినిమా ఇంకా వెనక నుంచి ఎత్తుకుంటుంది. పని చేయడమే దండగని తేల్చుకున్న వెంకయ్యగా ఎం.వి. వాసుదేవరావు, కోడలు నీలమ్మగా మమతా శంకర్ నటించారు. ప్రేమ్‌చంద్ కోడలికి పెద్దగా మాటలివ్వలేదు, సేన్ ఆమెకు ఒక జీవితాన్నే ఇచ్చారు. శుక్రవారం రాత్రి కథ, శనివారం సినిమా. పిల్లలు పడుకున్నాక చూడండి.